ఓడ భోజనానికి కోటు

ఆ ఆదివారం ప్రకాశానికి ఉన్నవి మూడే పనులు. పొద్దున్నే పత్తర్‌గట్టీకి పోయి దర్జీ మైసయ్య దగ్గర కొత్త కోటు తెచ్చుకోవాలి. మధ్యాహ్నం అది తొడుక్కుని కూర్చోవడం, లేవడం అలవాటు చేసుకోవాలి. దీపాలు పెట్టే వేళకు షాలిబండలో ఉన్న రాజా బాబురావు గారి మహలులాంటి దేవిడీకి వెళ్ళి, ఓడలో భోంచేసినట్టు భోంచేయాలి. వీటిలో మూడోదే కష్టమని అతను అనుకున్నాడు. మొదటిదే సగం ప్రాణం తీస్తుందని తెలియదు.

ప్రకాశం ఆ దేవిడీలో ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసే గుమాస్తా. రాజాసాబు ఆ ఎండాకాలం బొంబాయిలో ఓడెక్కి లండన్ చూసి రావాలనుకున్నారు. తోడుగా ఒక్క మనిషిని తీసుకుపోతారు. ఆ మనిషి ప్రకాశమా, ఉర్దూ కాగితాలు చూసే గుండయ్యా అన్నది ఇంకా తేలలేదు. ఇంతలో మలక్‌పేట గుర్రప్పందాల దగ్గర ఎవరో పెద్దమనిషి రాజాసాబు చెవిలో ఒక భయం ఊది పెట్టాడు. మొదటి తరగతి ఓడలో రాత్రి భోజనానికి నల్ల ఇంగ్లీషు కోటు లేనివాణ్ణి గడప తొక్కనివ్వరట. ఎంతటి జాగీర్దారైనా పస్తు పడుకోవలసిందేనట.

రాజాసాబు హడలిపోయారు. సికింద్రాబాదులో ఉంటున్న ఒక ముసలి ఓడ కప్తానును ఆదివారం భోజనానికి పిలిచారు. బల్ల, కుర్చీలు, ముళ్ళ చెంచాలు, అంతా ఓడలో లాగానే ఉండాలి. గుమాస్తాలిద్దరూ ఓడ వేషంలో రావాలి. కప్తాన్ సాబు ఎవరిని బాగున్నాడంటే వాడికే లండన్.

ఓడ తప్పితే ప్రకాశం ఉద్యోగమేమీ పోదు. కానీ అతని భార్య కళావతి ఈ ప్రయాణం సంగతి గౌలిపురాలో వాళ్ళ గల్లీ మొదటినుంచి చివరిదాకా ఎప్పుడో చెప్పేసింది. ఎదురింటి బాలమ్మ అయితే రోజూ వాకిట్లో నిలబడి, "ఓడల బువ్వ తినెటందుకు వేరే అంగీ కావాల్నటనే! నోరు అదేనా, అది గూడ మార్చుకోవాల్నా?" అని అడుగుతూనే ఉంది. లండన్ పోకపోతే ఆ గల్లీలో తలెత్తుకు తిరిగే యోగం ఉండదు.

మైసయ్య దుకాణంలో కోటు చూడగానే ప్రకాశం దాన్ని ఎత్తి వెనకా ముందూ తిప్పాడు.

"ఇదేంది మైసయ్యా?"

"కోటే అన్నా. మస్తుగ వచ్చింది."

"ముందట తెరిచి ఉండాలె అని చెప్పిన గద! గల్లా దాక గుండీలు పెట్టినవేంది?"

"పెట్టకుంటె ఎట్లన్నా? రాత్రంత సోచాయించిన. రాజాసాబు ముందట నువ్వు రొమ్ము తెరుచుకొని కూసుంటె ఎవరి ఇజ్జత్ పోతది? కుట్టినోని ఇజ్జత్ పోతది."

"ఇంగ్లీషోళ్లు గట్లనే తొడుగుతరయ్యా!"

"పాపం, వాళ్లకు చెప్పెటోళ్లు లేరు. నీకు నేనున్న గద."

మైసయ్య అంతటితో ఊరుకోలేదు. కాలరుకని తెచ్చిన పట్టుగుడ్డ వృథా కాకుండా కిందికి అతికి మోకాళ్ళ దాకా పొడుగు పెంచాడు. అది అచ్చంగా షేర్వాణీ. విప్పి మళ్ళీ కుట్టమంటే రెండు రోజులు పడుతుందన్నాడు. ప్రకాశం దాన్ని చంకలో పెట్టుకుని, ఇంటిదాకా ఎవరి మొహమూ చూడకుండా నడిచాడు.

కళావతి కూడా మొదట తల పట్టుకుంది. తరువాత ఆమె కళ్ళు మెరిశాయి.

"బ్యాండు అంజన్న తొడిగే కోటు సూసినవా? నల్లగ, ముందట తెరిచి, వెనుక తోకలు!"

"పెండ్లి బ్యాండోని కోటా?"

"కోటుకు కులముంటదా? నువ్వు గమ్మున కూసో." చెంగు నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది.

అంజన్న పెళ్ళి బ్యాండుకు ఉస్తాదు. రెండు గల్లీల అవతల ఇల్లు. ప్రకాశం రెండు గ్లాసుల నీళ్ళు తాగేలోపల కళావతి కోటుతో తిరిగి వచ్చింది. నిజంగానే అది ఇంగ్లీషు కోటు. ఏ దొర ఎప్పుడు వదిలేశాడో కానీ తోకలు మాత్రం చెక్కుచెదరలేదు. భుజాల మీద జరీ పట్టీలు ఉన్నాయి.

"అడగంగనే ఇచ్చిందా?" ప్రకాశానికి నమ్మకం కలగలేదు.

"అంజన్న లోపల పండుకున్నడు. ఆయన పెండ్లాం ఎల్లమ్మను కోటు ఇయ్యుమన్న, ఇచ్చింది. పైంగ, జల్దీ పొమ్మను, ఆలస్యమైతె లొల్లి అయితదని చెప్పింది."

"మనం పోయే సంగతి ఆమెకెట్ల ఎరుక?"

"ఈ గల్లీలల్ల ఎవరికి ఎరుక లేదు?" అంది కళావతి గర్వంగా. ఆ జవాబు ఇద్దరికీ సరిపోయింది.

ఓడ వేషానికి గట్టి తెల్లచొక్కా ఉండాలన్నారు. అది లేదు. కళావతి ఒక తెల్లగుడ్డను గంజిలో ముంచి, అట్టలా ఆరబెట్టి, అతని బనీను మీద గుండుసూదులతో గుచ్చింది. పైన కోటు తొడిగితే బ్రహ్మాండంగా కనిపించింది. "ఊపిరి మెల్లగ తీస్కో" అని హెచ్చరించింది.

గడప దాటబోతుంటే తల్లి కృష్ణమ్మ అడ్డం నిలబడింది. "తల బోడిగ పెట్టుకొని దేవిడీకి పోతవా? మనింట్ల ఎవరన్న సచ్చిండ్రా?"

"ఓడల తలకు ఏం పెట్టుకోరే అమ్మా."

"ఓడ ఇంక రాలే. రాజాసాబు ఉన్నడు."

ఆ మాటకు తిరుగులేదు. నెత్తిన దస్తారు పాగా, నడుముకు బగ్లూసు పట్టీ లేకుండా ఏ ఉద్యోగీ పెద్దల ముందుకు పోయే ఆచారం లేదు. పట్టీ పెడితే కోటు మూసుకుపోతుంది కనుక దాన్ని వదిలి, పసుపుపచ్చ దస్తారు ఒక్కటీ తలకు పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకుంటే ఎక్కడో చూసిన మనిషిలా అనిపించాడు. ఎక్కడో గుర్తు రాలేదు.

లాల్‌దర్వాజ దగ్గర గుర్తొచ్చింది.

అక్కడ ఒక పెళ్ళి ఊరేగింపు ఆగి ఉంది. గుర్రం మీద పెళ్ళికొడుకు, చుట్టూ చుట్టాలు, పక్కన చేతులు ముడుచుకుని బ్యాండు మేళం. ప్రకాశం మలుపు తిరిగాడో లేదో డప్పువాడు అరిచాడు.

"అగో! ఉస్తాదు వచ్చిండు!"

ప్రకాశం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

క్లారినెట్ పట్టుకున్న మనిషి దగ్గరికొచ్చి దండం పెట్టాడు. "అంజన్నకు జొరమంట గద. 'నా బామ్మర్ది రాజన్నను తోలిస్త, మొకం ఎరుక లేకున్న కోటు చూసి గుర్తుపట్టుండ్రి. చెయ్యి లేపితె కొట్టుండ్రి, దించితె ఆపుండ్రి' అన్నడు. ఇంత ఆలస్యమాయె రాజన్నా?"

ప్రకాశానికి అప్పుడు సంగతి అర్థమైంది. పెళ్ళిళ్ళ కాలంలో అంజన్న ఊదేవాళ్ళను నాలుగు మూలల నుంచీ జమచేస్తాడు. వాళ్ళకు ఉస్తాదంటే మొహం కాదు, కోటు. రాజన్న కోటు కోసం పంపిన మనిషే అనుకుని ఎల్లమ్మ ఈ కోటును కళావతి చేతిలో పెట్టింది.

"నేను రాజన్నను గాను!"

"మరి కోటేంది?" అంది ఒక గంభీరమైన గొంతు. పెళ్ళికొడుకు తండ్రి, పాల వ్యాపారం పెంటయ్య. నిలబడితే దర్వాజ సగం మూసుకుపోయే మనిషి.

"బాపూ, నేను రాజాసాబు దేవిడీల గుమాస్తాను. భోజనానికి పోతున్న."

"గుమాస్తావా? గుమాస్తాలు తోకల కోటు ఎప్పటిసంది తొడుగుతుండ్రు? ఎక్కువిచ్చే పెండ్లి దొరికిందా? ముహూర్తం మీద పడ్డది. బాజా లేకుంట మలక్‌పేటకు పోతె పిల్ల తరఫోళ్లు మావోణ్ని గుర్రం దిగనిస్తరా?"

కోటు విప్పి అతని మొహాన కొట్టి పరుగెత్తుదామంటే లోపల బనీను, గంజిగుడ్డ, గుండుసూదులు. అవతల షాలిబండలో కప్తాన్ సాబు ఈపాటికి కుర్చీలో కూర్చుని ఉంటాడు. గుండయ్య ఎదురుగా కూర్చుని ఉంటాడు. ప్రకాశం ఆలోచించడం మానేసి, పరుగు లంకించుకున్నాడు.

"ఉస్తాదు ఉరుకుతుండు! పట్టుండ్రి!"

అతని వెనక మేళం, మేళం వెనక పెంటయ్య, పెంటయ్య వెనక గుర్రం, దాని మీద జీను పట్టుకుని వేలాడుతూ పెళ్ళికొడుకు, వెనకాల దీపాలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు. ఏమిటో తెలియకపోయినా బజారు జనం కొంతమంది కలిశారు. ప్రకాశం దేవిడీ గేటు దగ్గరికి చేరి, "ఆపు! వాళ్లను ఆపు!" అని చెప్పడానికి నోరు తెరిచాడు కానీ ఊపిరి లేదు. పహరావాడు చూశాడు. ముందు తెలిసిన గుమాస్తా, వెనక బాజా, గుర్రం. రాజాసాబు కప్తాన్ సాబు కోసం ఏర్పాటు చేశారనుకున్నాడు. రెండు తలుపులూ బార్లా తెరిచి పెద్ద సలాము చేశాడు.

లోపల పూలతోట చమన్‌లో బల్ల వేసి ఉంది. ఒక చివర తెల్లమీసాల కప్తాన్ సాబు అప్పుడే సూపులో చెంచా ముంచుతున్నాడు. ఇంకో చివర రాజాసాబు. ఆయన కూడా ఇంగ్లీషు కోటే. గట్టి కాలరు గవద కింద కత్తిలా నిలబడి ఉండటంతో మెడ ఏ వైపుకూ తిరగడం లేదు. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. మధ్యలో గుండయ్య తన రోజువారీ షేర్వాణీ, దస్తారు, బగ్లూసుతో, కచేరీలో కూర్చున్నట్టే కూర్చున్నాడు.

వెనక జనమంతా చమన్ అంచున ఆగిపోయారు. ఎంత కోపంలో ఉన్నా పెంటయ్య కూడా రాజాసాబును చూసి చెప్పులు విడిచాడు. ఇప్పుడైనా మర్యాద దక్కించుకోవచ్చని ప్రకాశానికి ఆశ పుట్టింది. దేవిడీ పద్ధతి ప్రకారం రాజాసాబుకు ఏడు సలాములు చేయాలి. నడుము వంచి, చెయ్యి నేలదాకా దించి, నుదుటిదాకా ఎత్తాడు.

చెయ్యి లేచింది. డప్పు మోగింది. క్లారినెట్, బూరలు ఒక్కసారి అందుకున్నాయి.

ప్రకాశం అదిరిపడి చెయ్యి దించాడు. మేళం ఆగింది. ఆరు సలాములు బాకీ. సగంలో ఆపితే రాజాసాబుకు అవమానం. రెండో సలాముకు చెయ్యి ఎత్తాడు. మళ్ళీ మోత. దించాడు, ఆగింది. ఎత్తాడు, మోగింది. నాలుగోసారి తట్టుకోలేక, వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తి, "ఆపుండ్రి!" అని అరిచాడు. రెండు చేతులంటే రెండింతలని మేళంవాళ్ళు అర్థం చేసుకున్నారు. గుర్రం బెదిరి ముందుకొచ్చి, బల్ల మీద పూలగుత్తిలో మూతి పెట్టి నమలసాగింది. పెళ్ళికొడుకు కిందికి వంగి, "తప్పాయె రాజాసాబ్, తప్పాయె" అంటూనే ఉన్నాడు.

అయినా ప్రకాశం ఏడూ పూర్తిచేశాడు. గుర్రం తోపుకు జరిగి జరిగి, ఏడోదానికి కప్తాన్ సాబు పక్కనే వంగేసరికి బనీను మీద సూదులు టపటప ఊడాయి. గంజిగుడ్డ గాలిపటంలా లేచి, తిన్నగా పోయి కప్తాన్ సాబు సూపులో దిగింది.

గుర్రం నమలడం ఒక్కటే వినిపించింది.

కప్తాన్ సాబు గుడ్డను చెంచాతో పక్కకు తీసి, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. తరువాత వచ్చీరాని హిందుస్తానీలో గుండయ్యను చూపించి, "యే ఠీక్ హై" అన్నాడు. ఓడలో ఎవరి దేశపు దర్బారు దుస్తులు వాళ్ళు వేసుకోవచ్చట. షేర్వాణీ వేసుకొచ్చిన పెద్దమనుషులకు తానే ఎన్నోసార్లు పక్కన కుర్చీ వేయించాడట.

రాజాసాబు గొంతు సన్నగా వచ్చింది. "అంటె ఈ కాలరు లేకున్నా నడుస్తదా?"

"జరూర్."

రాజాసాబు అక్కడికక్కడే కాలరు పీకి బల్ల మీద పడేశారు. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన మెడ తిరిగింది. తిరిగి ప్రకాశం వైపు ఆగింది.

"గుండయ్యా, నువ్వు ఎట్ల తెలుసుకున్నవ్?"

"తెలుసుకోలె రాజాసాబ్. నాకు కోటు దొరకలె. ఉన్నదే తొడుక్కొని వచ్చిన."

"మంచిది. ప్రకాశం, ఓడల నాతోని ఒక్కడే రావాలె. నువ్వు గుర్రంతోని వచ్చినవ్. ఇగ తోల్కపో."

తోలుకుపోవడానికి ఒకటే దారి. ప్రకాశం బనీను కనపడకుండా కోటు దగ్గరికి పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, గేటు వైపు నడిచాడు. మేళం మోగించుకుంటూ కదిలింది. పెంటయ్య చల్లబడి అతని భుజం తట్టాడు. "రాజాసాబు దేవిడీల బాజా కొట్టించినవ్! మా ఖాందాన్‌ల ఎవనికి జరగలె. ముందే చెప్తె నేను ఉరికిద్దునా?"

మలక్‌పేటకు దగ్గరి దారి గౌలిపురా మీదుగానే. ప్రకాశం వద్దన్నా పెంటయ్య వినలేదు.

బాజా వినపడి గల్లీ అంతా వాకిళ్ళలోకి వచ్చింది. దీపాల వెలుతురులో, తోకల కోటుతో, చెయ్యెత్తి ముందు నడుస్తున్న ప్రకాశాన్ని చూసి కళావతి ఒక్క కేక పెట్టింది. "రాజాసాబు బాజా పెట్టి తోలిచ్చిండు! లండన్ ఖాయమైంది!" కృష్ణమ్మ హారతి పళ్ళెంతో పరుగెత్తుకొచ్చింది. హారతి తన కొడుక్కేననుకుని పెంటయ్య ఊరేగింపును ఆపించాడు. బాలమ్మ మొహం మాడ్చుకుని, అయినా ఇంట్లో ఉన్న బంతిపూల దండ తెచ్చి ప్రకాశం మెడలో వేసింది.

"కాదే కళావతీ, జర విను..." అంటూ అతను ఆమెను ఆపబోయి చెయ్యి ఎత్తాడు. బాజా దద్దరిల్లింది. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

మలక్‌పేటలో పెళ్ళికొడుకును దించి, అక్కడే విస్తట్లో అన్నం తిని, ఇంటికొచ్చి నిజం చెప్పాడు. కళావతి గోడకు ఆనుకుని కూలబడింది. బయట బాలమ్మ ఎవరితోనో, "మా ఎదురింటోళ్లే, లండన్ పోతుండ్రు" అని చెప్పుకోవడం వినిపించింది.

"పెట్టె దించు" అంది కళావతి.

రాజాసాబూ గుండయ్యా బొంబాయి రైలెక్కిన రోజున, గల్లీవాళ్ళు వేసిన దండలతో ప్రకాశం కూడా నాంపల్లి స్టేషన్‌లో అదే రైలు వెనక డబ్బాలో ఎక్కి, వికారాబాదులో దిగి, వాళ్ళు తిరిగి వచ్చేదాకా తోడల్లుడి ఇంట్లో లండన్‌లో ఉన్నాడు.