కారు తాగిన ఇప్పసారా

ఆ ఉదయం మురళీకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. సత్తుపల్లిలో బయల్దేరి పదింటికల్లా చండ్రుగొండ చేరడం, మనోజ్ఞను చూడడం, ఆమెకు నచ్చడం. ఆమె తండ్రి వెంకటనారాయణ మద్యనిషేధ కమిటీ అధ్యక్షుడు. "కుర్రాడికి పొలం లేకపోయినా పర్లేదు, తాగుడుండకూడదు" అన్నదొక్కటే ఆయన షరతు. మురళీకృష్ణ సోడా కూడా ఆలోచించి తాగే మనిషి.

తాగేది అతని కారు. పాత బండికి రెండేళ్లు కష్టపడి టర్బో బిగించి, నాలుగు వందల హార్స్‌పవర్ తెప్పించాడు. అంత ఒత్తిడిలో పెట్రోలు ముందే అంటుకుని పిస్టన్లు పగలగొడుతుందని ఇథనాల్‌కు, అంటే శుద్ధమైన సారాకు, మార్చాడు. మార్చాక ఇంధనం మూడో వంతు ఎక్కువ కాలుతుందన్న సంగతి మాత్రం, ములకలపల్లి అడవి మధ్య మీటరు ముల్లు అడుగంటినప్పుడే గుర్తొచ్చింది.

రోడ్డు పక్క ఇంటి ముందు, సారా కాచే జంపక్క ఇప్పపూలు ఆరబోస్తోంది.

"అక్కా, ఇప్పసారా ఉందా?"

"పొద్దుగాల్నే ఏంది బిడ్డా?"

"నాక్కాదక్కా, కారుకి."

"అందరు గట్లనే అంటరు. ఒకడు ఎద్దుకన్నడు, ఒకడు అత్తకన్నడు. కారుకన్నోణ్ణి నిన్నే చూస్తున్న."

పెళ్లిచూపులని చెప్పేసరికి ఆమె మెత్తబడింది. వేల్పుల పండుగకు దాచిన తొలిసారా, మొదటి ధారగా దిగిన ఘాటు సరుకు, రెండు డబ్బాలు తెచ్చింది. కానీ కాలం చేసిన పెద్దలకు పోయనిదే ఆ ఇంట్లో సారా గడప దాటదు. నేల మీద ఓ దోసెడు, బానెట్ మీద ఓ దోసెడు పోసి, "మంచి పనికి పోతున్నవ్, జర ఒంగు" అని మూడో దోసెడు అతని నెత్తిన పోసింది. తెల్లచొక్కా తడిసిపోయింది.

ఒక డబ్బా ట్యాంకులో పోశాడు. సారాలో నీళ్లుంటాయని ఇంజన్‌కు వెంటనే తెలిసిపోయింది. దారంతా దగ్గుతూ, తూలుతూ వచ్చి, వెంకటనారాయణ గేటు ముందు ఢామ్మని ఆగింది. సారా ఆవిరికి కళ్లు ఎర్రబడ్డ పెళ్లికొడుకు దిగాడు.

"తాగొచ్చావా?"

"నేను కాదండీ, కారు."

"సుబ్బరత్నం, కాఫీలు ఆపెయ్!" అని భార్యకు కేకేశారు వెంకటనారాయణ.

"టర్బో బండ్లు ఆల్కహాల్‌తో నడుస్తాయి నాన్నా" అంది కిటికీలోంచి మనోజ్ఞ, నవ్వాపుకుంటూ.

ఆ ఒక్క మాటతో ధైర్యం వచ్చి మురళీకృష్ణ రెండో డబ్బా మూత తీశాడు. "చూడండి, ఇదీ బండికి తెచ్చిందే."

వెంకటనారాయణ కోపంగా వంగి ఒకసారి పీల్చారు. రెండోసారి కళ్లు మూసుకుని పీల్చారు.

"అబద్ధం! ఇది జంపక్క తొలిసారా. ఇంత సరుకు తెచ్చి ఎవడైనా బండిలో పోస్తాడా?"

సుబ్బరత్నం కాఫీ పళ్లెంతో గుమ్మంలోనే నిలబడింది.

"జంపక్కెవరండీ?" అని మొగుణ్ణి అడిగింది.

వెంకటనారాయణ గబగబా మురళీకృష్ణ భుజం మీద చెయ్యేశారు. "అబ్బాయి బంగారం. లోపలికి రా నాయనా!"

సంబంధం ఆ పూటే ఖాయమైంది. మిగిలిన డబ్బాను పారబోసే పూచీ మాత్రం కమిటీ అధ్యక్షుడి హోదాలో వెంకటనారాయణే తీసుకున్నారు. ముహూర్తం దాకా రోజూ కొంచెం కొంచెంగా పారబోశారు.