పెనం మీద పెనిమిటి

1972లో, చెరకు గానుగలాడే రోజుల్లో, ఇనప పెనం వంటకు పనికిరాదని చోడవరంలో గణపతిరావుగారు తీర్మానించారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక పొయ్యి దగ్గరకు వెళ్ళి ఎరగరు కనుక ఈ తీర్మానంలో పక్షపాతానికి తావులేదు.

లోహాల గుణాలను ఆయన లోతుగా పరిశీలించారు. అంటే, ఏది ఎవరింట్లో ఉందో చూశారు. ఇనుము అందరిళ్ళలోనూ ఉంది, పైగా నలుపు. సత్తు పెనం కూలివాళ్ళు కొంటున్నారు. మట్టి మూకుడి మాట ఎత్తితే పరువునష్టం. ఇక మిగిలింది స్టీలు.

ఆయన భార్య నూకరత్నం దగ్గరున్నది తల్లి ఇచ్చిన ఇనప పెనం. చీడికాడ సంతలో కొన్నది. ముప్ఫయ్యేళ్ళుగా సగం ఉల్లిపాయతో నూనె రాసి రాసి అద్దంలా నునుపు తేలింది. దాని మీద వేసిన అట్టు తనంతట తానే తిరగబడి పళ్ళెంలోకి నడిచొచ్చేదని వీధిలో చెప్పుకుంటారు. మరీ అంత లేదు. పిలిస్తే వచ్చేది.

గణపతిరావుగారు విశాఖపట్నం వెళ్ళి స్టీలు పెనం కొన్నారు. పేరు కొట్టేవాడు ఉలీ సుత్తీ పట్టుకుని అడిగాడు.

"అంచు మీద కొట్టనా బాబూ?"

"అంచు మీదయితే ఎవుడు సూస్తాడ్రా? నడిమజ్జిన కొట్టు. పెద్దచ్చరాలు!"

అలా, పిండి పోసేచోట, చుక్కలు చుక్కలుగా "గణపతిరావు" వెలిశారు.

ఆదివారం కృష్ణంరాజుగారు ఫలహారానికి వస్తున్నారు. రైతుసంఘం కార్యదర్శి పదవి ఎవరికివ్వాలన్నది ఆయన చేతిలో ఉంది, ఆయన మనసు అట్ల మీద ఉంది. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చేవాణ్ణి కూడా గణపతిరావుగారు ఆ పూటే రమ్మన్నారు. ఇనప పెనం అప్పటికే గోనెసంచిలో సిద్ధం.

"పేరు మీద పిండెయ్యమంటారేటండీ? అట్టు లెగదు," అంది నూకరత్నం.

"లెగదేటి? స్టీలే అది! పట్నమంతా దాని మీదే కాలుస్తన్నారు."

పెనిమిటి పేరు నోటెత్తి పలకని ఇల్లాలు, ఆ ఆదివారం ఆ పేరు కింద మంట పెట్టింది. మొదటి అట్టులో "గణ" ఊడి వచ్చాడు, "పతి" అంటుకుపోయాడు. రెండో అట్టుకు అదీ లేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో మొగుణ్ణి అట్లకాడతో గోకే భాగ్యం ఆవిడకు అదే మొదలు. గోకిందే గానీ, పతి కదల్లేదు.

చావిట్లో రాజుగారు గొంతు సవరించుకుంటున్నారు. నూకరత్నం పెరట్లోకి పోయి, మూడు ఇటుకలు పేర్చి, గోనెసంచి విప్పింది.

రాజుగారు బెల్లం పాకంతో పదకొండు మినపట్లు తిని ఉపన్యసించారు. "గణపతిరావూ! ఇదీ లోహమంటే! ఈ రుచి స్టీలుది! దేశం ముందుకెళ్తందంటే ఇలాటి పెనాల వల్లే!"

సరిగ్గా అప్పుడే వీధిలో కేక. "పాతినుముకి ఉల్లిపాయలో!"

గణపతిరావుగారు హుషారుగా పెరట్లోకి వచ్చారు. "ఒసే, ఆ నల్ల దరిద్రం వాడికిచ్చీ!"

"ఇచ్చేత్తాను," అంది నూకరత్నం, పొగకి కళ్ళు తుడుచుకుంటూ. "రేపట్నించి ఇదిగో, మీ పేరు మీదే కాలుత్తాను." మాడిన స్టీలు పెనం చేతిలో పెట్టింది.

తన పేరు అంత నల్లగా ఆయన ఎన్నడూ చూడలేదు. చావిడి వైపు చూశారు. ఇటుకల మీది పెనం వైపు చూశారు. గొంతు తగ్గించారు.

"స్టీలుది తోమి గోడకి తగిలించు. నల్లది పెరట్లోనే ఉండనీ. ఎవరికీ సెప్పకు."

నూకరత్నం పెనం దక్కింది. దాంతోపాటు ఎండా వానా కూడా దక్కాయి. పెరట్లో వంట కదా.

గణపతిరావుగారు కార్యదర్శి అయ్యారు. స్టీలు వల్ల పదవులొస్తాయని రుజువయ్యాక వీధి ఊరుకుంటుందా? నెల తిరక్కుండా ప్రతి చావిట్లోనూ ఒక స్టీలు పెనం, దాని నడుమ ఒక మగాడి పేరు. చోడవరంలో ఇనప పెనమన్నది లేదని సంఘం ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ ప్రకటన చదివిన రోజున కూడా ప్రతి పెరట్లోంచీ పొగ లేచింది.

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వి, మీ ఇంట్లో గిన్నెలు తిరగేసి చూడండి. పొయ్యి మొహం ఎరగని పెద్దమనుషుల పేర్లన్నీ కనిపిస్తాయి. రోజూ మంట మీద ఉండేదాని మీద మాత్రం, ఎంత వెతికినా, ఎవరి పేరూ ఉండదు.