గుండె కొట్టుకోని పరుగు

ఆటలకు కళ్లతో పని లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. కళ్లను నమ్ముకునే ఇన్నాళ్లూ మన క్రీడారంగం మట్టికొట్టుకుపోయింది. పరుగు పందెంలో ముందు వచ్చినవాళ్లే గెలిచారనుకోవడం ఎంత అమాయకత్వం!

మా అక్క కూతురి సంగతే చూడండి. ఇంట్లో దాన్ని పిడుగు అంటాం. మొన్న జట్టు ఎంపికకు పెట్టిన పరుగులో అందరికంటే ముందు వచ్చింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. పాపం, వాళ్లకు సైన్సు తెలియదు. దాని క్రీడా అకాడమీలో కొత్తగా పెట్టిన డేటా విభాగం మాత్రం పిడుగు చేతికి కట్టిన, అడుగులూ గుండె చప్పుడూ లెక్కపెట్టే బ్యాండులోంచి సమాచారం లాగి, అడుగు పొట్టి, నిద్ర తక్కువ, భవిష్యత్తు అంతంతమాత్రం అని తేల్చేసింది. జట్టులోంచి పేరు తీసేశారు.

"నేనే కదా సార్ ముందు వచ్చింది?" అని అడిగిందట.

"వచ్చావమ్మా, కాదనను. కానీ నువ్వు రావలసింది నాలుగో స్థానంలో," అన్నారట కోచ్ గారు, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా.

ఎంత న్యాయమైన మాట! రావలసిన చోట రాకుండా ముందు వచ్చేయడం క్రమశిక్షణ అనిపించుకుంటుందా? ఈ పద్ధతి ఇళ్లలోనూ రావాలంటాను. డేటా ప్రకారం నాకు ఆకలి లేని పూట మా ఆవిడ నిశ్చింతగా వంట మానేయవచ్చు. నా కడుపు ఏమంటుందో ఎవరికి కావాలి?

పిడుగుకు ఈ జ్ఞానం లేదు. విడిచిన ట్రాక్ ప్యాంటు ఓ మూల పారేసి, ముసుగుతన్ని పడుకుంది. మా అక్క ఆ ప్యాంటు తీసి వాషింగ్ మెషిన్‌లో వేసింది. జేబులో బ్యాండు ఉందని చూసుకోలేదు. మంచి రకం బ్యాండు, నీళ్లకు చెడలేదు.

మర్నాడు పొద్దున్నే కోచ్ గారి ఫోను.

"మీ అమ్మాయి నిన్న ఎక్కడ ప్రాక్టీస్ చేసిందండీ? చివర్లో ఆ వేగం నేను జన్మలో చూడలేదు. పైగా గుండె ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. ఇంత నిబ్బరం ఎలా వచ్చింది? ఏం పెడుతున్నారు తనకు?"

బట్టలు ఆరేస్తున్న మా అక్కకు ప్యాంటు జేబులో బ్యాండు తగిలి సంగతి అర్థమైంది.

"నీళ్లు, సబ్బు పొడి," అంది. ఆయన రాసుకున్నట్టే ఉన్నారు.

మధ్యాహ్నానికల్లా పిడుగు పేరు మళ్లీ జట్టులోకి ఎక్కింది. ఆ మెలకువ మిగతా పిల్లలకూ నేర్పాలని డేటా విభాగం వారు, బ్యాండులో నమోదైనట్టే, అందరినీ ఉన్నచోటే గిరగిరా తిప్పించారట. కొందరికి వాంతులయ్యాయి. ప్రగతి అన్నాక ఆ మాత్రం ఉంటుంది.

నోరు మూసుకుని కూర్చుంటే జట్టులో చోటు ఖాయం. కానీ అది పిడుగాయె!

"అది నా పరుగు కాదు మామయ్యా. అలా వచ్చింది నాకొద్దు," అని నన్ను వెంటబెట్టుకుని మైదానానికి వెళ్లింది. జరిగినదంతా కోచ్ గారికి చెప్పి, బ్యాండు ఆయన చేతిలో పెట్టి, "ఇప్పుడు చూడండి సార్," అంటూ పరుగందుకుంది.

నేను చూశాను. అబద్ధమెందుకు, నేనూ చప్పట్లు కొట్టేశాను. మలుపులో అది ఒరిగి దూసుకొస్తుంటే గడ్డి కోసే ఆయన కూడా మెషిన్ ఆపి నిలబడిపోయాడు. కోచ్ గారు మాత్రం బ్యాండునూ ట్యాబ్‌నూ మార్చి మార్చి చూస్తున్నారు.

"ఇందులో నువ్వు అసలు కదల్లేదమ్మా," అన్నారు.

"ఇక్కడున్నాను సార్," అంది పిడుగు రొప్పుతూ, ఆయన ఎదురుగా నిలబడి.

పేరు మళ్లీ తీసేశారు.

నేను మాత్రం ఇప్పటికీ డేటా పక్షమే. డేటా విభాగం వారికి ఒక్కటే మనవి. ఇంకో బ్యాండు తెప్పించి కోచ్ గారి మెడకు కట్టండి. తల ఎన్నిసార్లు పైకెత్తారో అదే చెబుతుంది. ఆ అంకె సున్నా దాటిన రోజు మాకు కబురు చేయండి. మా పిల్ల ఇంకా బూట్లు విప్పకుండానే కూర్చుని ఉంది.