సోడా అల్లుడి చతుర్గ్లాస సంగ్రామము

ఆదివారపు అపరాహ్ణమున, భుక్తాయాసభారనిమీలితనేత్రులై వీధివీధియు గుర్రుపెట్టువేళ, మూడో అంతస్తు కుడిచేతి ఫ్లాటులో, కిర్రుకిర్రుమను ఫ్యాను కింద, తెల్లతువ్వాలు కప్పుకొని నాలుగు గ్లాసులు నాలుగు అక్షౌహిణులవలె విడిసియుండెను. వినుడు! వినకపోయినను నేను చెప్పక మానను.

కథానాయకుడు ఆ ఇంటి చిన్నల్లుడు, ఉపనేత్రవిక్రయధురంధరుడు, అనగా కళ్లద్దాల షాపువాడు. పెళ్లైన కొత్తలో మామగారు ప్రాణసమానమైన సింగిల్ మాల్టు విస్కీని అంగుళము పోసి ఇయ్యగా, ఈ మహానుభావుడు దానిని సోడాతో అంచుదాకా నింపి, గటగట తాగి, "కాస్త చప్పగా ఉంది మామయ్యా" అనెను. ఆనాటినుండి ఆయన పేరు సోడా. వాచ్‌మన్ "సోడాగారూ" అని సలాము కొట్టును. అదియు ఓర్చుకొనెను గాని, మొన్న మొన్న మాటలు వచ్చిన కన్నకూతురు సైతము నాన్నా అనుటకు బదులు "తోదా" అని పిలువగా, ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. నెలరోజులు విస్కీశాస్త్రము చదివి, మామగారికి సవాలు విసరెను: సీసా చూడకుండ నాలుగింటినీ పోల్చినచో ఆ పేరు రద్దు. ఓడినచో మనుమల తరమువరకు సోడాయే.

మామగారు విశ్రాంత రైల్వే గార్డు, శ్వేతశ్మశ్రువిరాజితుడు, విస్కీలో నీటిచుక్క పడనీయనని ఒట్టు పెట్టుకొన్న ఘనుడు. నాయకుని ఎదుట ప్రత్యర్థిగా కూర్చున్నవాడు ఆయన తోడల్లుడు, బీమా ఏజెంటు. ఆయన నోట పడిన మాట పాలసీ కట్టించక వదలదు. గార్డు పచ్చజెండా ఊపినట్లు తువ్వాలు లాగెను. సమరము మొదలయ్యెను.

మొదటి గ్లాసు ఎత్తి తోడల్లుడు కన్నులు మూసి గర్జించెను: "ఆహా! తుపాను వెలిసిన సాగరతీరమున, తడిసిన తాళ్ల నడుమ, ఏకాకియగు నావికుని నిట్టూర్పు!"

నాయకుడు వాసన చూచెను, గుటక వేసెను. "మామయ్యా, మా మిక్సీ మోటారు కాలినప్పుడు అచ్చం ఇదే వాసన."

"ఏమండీ, పరువు తియ్యకండి," అని సోఫాలోనుండి భార్య నెత్తి కొట్టుకొనెను.

"ఉండవే. పీట్ మట్టి రాజేసి, ఆ పొగలో బార్లీ ఆరబెట్టారు. ఇది పొగ మాల్టు."

గార్డు మీసము కదిలెను. "కరెక్టే."

రెండవది ఎండుద్రాక్ష డబ్బా మూత తీసినట్లుండెను. షెర్రీ అను ద్రాక్షసారా నిలువయుండిన పీపాలో పెరిగిన మాల్టని తేల్చెను. మూడవది చెక్కబల్లపై కరిగిన వెనిలా ఐస్‌క్రీము. లోపల కాల్చిన కొత్త పీపాలో పండిన మొక్కజొన్న విస్కీ, బోర్బనని చెప్పెను. రెండూ కరెక్టే. ఇంతలో ఒక వింత జరిగెను. పందెము సంగతే మరచి ఆయన మూడవ గ్లాసును మరల మరల వాసన చూచుచు, "భలే ఉందే ఇది!" అని చిన్నపిల్లవానివలె నవ్వెను. ఇన్నేళ్లు తాను మింగినదేదో, నేడు తాగినదేదో అప్పటికి గాని తెలియలేదు.

ఇక నాలుగవది! అది ద్రవరూపమునొందిన దావానలము. తోడల్లుడు ఒక్క గుక్క వేసి, ధారాపాతముగా కన్నీరు కార్చుచు, "అతిసున్నితం... పూలరేకులు..." అని దగ్గెను. నాయకుని ముక్కు భగ్గుమనెను. వాసన లేదు, రుచి లేదు, మంటయే మంట. అంతలో చదివినదేదో తళుక్కుమనగా, లేచి నిలిచి, సభామధ్యమున పిడుగువంటి మాట పలికెను:

"కొంచెం నీళ్లు కావాలి."

ఫ్యాను కూడా కిర్రుమనుట మానెనా అనిపించెను. "చూశారా మామయ్యా! సోడా బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు!" అని తోడల్లుడు చప్పట్లు చరచెను. అప్పుడు వంటగదినుండి గరిటధారిణియగు అత్తగారు వెలువడి, నీళ్ల గ్లాసు, చెంచా అల్లుని చేతిలో పెట్టెను.

ఒక చుక్క. రెండవ చుక్క. మూడవది. గ్లాసు తిప్పి ముక్కు పెట్టగానే, తలుపులు బార్లా తెరచినట్లు తేనె వచ్చెను, పండిన బేరిపండు వచ్చెను, వానకు తడిసిన గడ్డి వచ్చెను.

"పీపాలోంచి తీసింది తీసినట్టే, నీళ్లు కలపకుండా సీసాకెక్కించారు మామయ్యా! అందుకే ఆ ఘాటు. ఒక్కసారి చూడండి, మీకు దణ్ణం పెడతాను."

గార్డు ఒట్టును తలచెను, గ్లాసును చూచెను, ఒట్టును గట్టున పెట్టి గుటక వేసెను. మీసము వణికెను. కన్నులు చెమర్చెను, ఈసారి ఘాటువలన కాదు.

"ఇన్నేళ్లూ ఇది ఇందులోనే ఉందా?"

"ఉంది," అనెను అత్తగారు. "పెళ్లైన దగ్గర్నుంచీ నేనలాగే నీళ్లు వేసుకు తాగుతున్నా. మీరెప్పుడైనా అడిగారా?"

గార్డు తన గ్లాసును ముందుకు చాచెను. "కరెక్టే, ఆ పేరు రద్దు. నాకూ వెయ్యి, అల్లుడూ." తోడల్లుడు, ముఖమటు తిప్పుకొనియే, తన గ్లాసును ఇటు జరిపెను.

రాజ్యములు కూలలేదు, కోటలు చేతులు మారలేదు. అయినను లోకమునకు ప్రకటించుచున్నాను: నేటినుండి ఆ ఇంట విస్కీలో నీరు కలుపుకొను హక్కు సిద్ధించినది! తలకు మూడు చుక్కలు, ఆదివారములు మాత్రమే, అత్తగారి చెంచాతోనే. జయము! జయము!