దుబ్బగుట్ట మీద గొర్రెల్లేవు

పొద్దు పొడవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదనీ, ఆ పొద్దుతో కరెంటు తీయడానికి మాత్రం రెండేళ్లు ఫైలు నడపడం జాతికే అవమానమనీ నల్లగొండ సభలో మంత్రిగారు ప్రకటించారు. ఇకమీదట సోలార్ ప్లాంటుకు పర్యావరణ సమీక్ష, అనుమతులు, సంతకాలు అన్నీ కలిపి ఇరవై ఒక్క రోజుల్లో అయిపోవాలి. జనం చప్పట్లు కొట్టారు. ఆ అనుమతులు చూసే నోడల్ ఆఫీసరు శివకృష్ణగారైతే జనం ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నారు. పక్క జిల్లావాళ్లు అప్పటికే పంతొమ్మిది రోజుల్లో చేసి చూపించారని ఆయనకు తెలుసు. తన చేతిలో ఉన్న దుబ్బగుట్ట సోలార్ ప్లాంటు ఫైలును వారం రోజుల్లో తేల్చకపోతే తన పేరు శివకృష్ణే కాదని అక్కడే ఒట్టు పెట్టుకున్నారు.

ఆ చప్పట్లు ఐలేశం చెవిన పడలేదు. అతను తన నూట నలభై గొర్రెలతో హాలియా దగ్గర, కోసిన వరిమళ్లలో ఉన్నాడు. దుబ్బగుట్ట కింద ఊళ్లో గొర్రెలున్న ఇళ్లన్నీ తాతల కాలం నుంచీ చేసే పనే ఇది. వానలున్నన్నాళ్లూ గుట్ట చుట్టూ ఉన్న సర్కారు బీడులో మేపుకుంటారు. ఎండలు ముదిరి గడ్డీ, కుంటలో నీళ్లూ అయిపోగానే మందలు తోలుకుని సాగర్ కాల్వ కిందికి దిగుతారు. రైతు పొలంలో మంద పెడితే గొర్రెలకు మేత, పొలానికి ఎరువు, కాపరికి నాలుగు గింజలు. మృగశిర కార్తెలో మిరుగు చినుకు పడగానే ఇంటిదారి. ఈ సంగతి గొర్రెలక్కూడా తెలుసు. జిల్లా ఆఫీసుకు తెలియదంటే తప్పు ఆఫీసుది కాదు. గొర్రెలు ఏనాడూ అక్కడికి పోయి అర్జీ పెట్టుకోలేదాయె.

శివకృష్ణగారు ఏప్రిల్ ఎండలో, ఏసీ బండిలో, ప్రాణాలకు తెగించి దుబ్బగుట్టకు వచ్చారు. ఊళ్లో ముసలీముతకా, ఐలేశం భార్య గుర్వమ్మా తప్ప ఎవరూ లేరు. ఆరోజు జరిగిందంతా గుర్వమ్మ సాయంత్రం ఫోన్‌లో మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఈ జాగల గొర్లు మేస్తయా అమ్మా?" అని సారు అడిగారట.

"మేస్తయ్ సారూ."

"ఏవి మరి?"

"హాలియాల ఉన్నయ్. వానలు వడంగనే వస్తయ్."

సారు మ్యాపు తీసి చూశారు. హాలియా ప్రాజెక్టు హద్దుల్లో లేదు. ఫారంలో 'ఉన్నవి', 'లేవు' అని రెండే గళ్లున్నాయి. 'వానలు పడగానే వస్తవి' అనే గడి ఎంత వెతికినా కనపడలేదు. కంటికి ఆననిదాన్ని ఉన్నదని రాసే మనిషి కాదాయన. 'లేవు' మీద టిక్కు పెట్టారు. పనిలో పనిగా ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కడే ఒక టెంటు కింద కానిచ్చి, గుర్వమ్మ వేలిముద్ర వేయించుకుని, ఒక మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఐలేశం తెగ మురిసిపోయాడు. సర్కారోళ్లు ఇంటికొచ్చి మరీ గొర్రెల గురించి అడిగారంటే లోనో గీనో ఇస్తారనుకున్నాడు.

మిరుగు చినుకు పడింది. నాలుగు రోజులు నడిచి ఐలేశం మందతో దుబ్బగుట్ట చేరేసరికి బీడు చుట్టూ ఇనప కంచె, కంచె లోపల కనుచూపు మేర రెండు నెలల్లోనే లేచిన నల్లటి సోలార్ పలకలు, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సెక్యూరిటీ. ముందు నడిచే పొట్టేలు ఎప్పట్లాగే లోపలికి పోబోయి, తల కంచెకు తగిలి, వెనక్కి తిరిగి ఐలేశం మొహంలోకి చూసింది. ఐలేశం దానికి ఏం చెప్పాలో తెలియక ఆఫీసుకు పోయాడు.

శివకృష్ణగారు ఎంత మంచివారంటే, కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. అప్పటికి ప్లాంటులో చిన్న చిక్కొచ్చి పడింది. పలకలు కడిగిన నీళ్లకు కింద గడ్డి ఏపుగా పెరిగి, పలకల మీదికెక్కి నీడ పరుస్తోంది. ఎండ అమ్ముకునే కంపెనీకి నీడను మించిన శత్రువు లేదు. గొర్రెలుంటే తప్ప ఈ గడ్డి దిగదని మేనేజర్ మొత్తుకుంటున్నాడు.

"నీ గొర్లు కావాలయ్యా మాకు," అన్నారు సారు.

"ఇప్పుడే తోల్కస్త సారూ," అని ఐలేశం లేచాడు.

సారు కూర్చోమన్నారు. దుబ్బగుట్ట మీద గొర్రెలు లేవని ప్రభుత్వ రికార్డు చెబుతోంది. లేని జంతువును కొత్తగా దించితే పర్యావరణం ఏమైపోతుందో ఎవరికి తెలుసు? దానికి సమీక్ష జరగాలి. ఇరవై ఒక్క రోజుల వెసులుబాటు సూర్యుడికే గానీ గొర్రెకు వర్తించదు. పాత తనిఖీ ఏప్రిల్‌లో జరిగింది కాబట్టి, పోల్చి చూడ్డానికి కొత్తదీ ఏప్రిల్‌లోనే జరగాలి. అప్పటిదాకా ఓపిక పట్టి, ఏప్రిల్‌లో మందతో సహా ఊళ్లోనే ఉండమన్నారు.

ఐలేశం రోడ్డు పక్కన, నీళ్లెక్కని చెరువు శిఖంలో, వాళ్లనీ వీళ్లనీ బతిమాలి వాళ్ల చెలకల్లో ఎట్లాగో మేపుకొచ్చాడు. మార్చి దాటింది. ఊళ్లో మందలన్నీ హాలియా దారి పట్టాయి. గుర్వమ్మ కూడా పోదాం పదమంది.

"పోయినేడు లెవ్వనే గదనే బీడు గుంజుకున్నరు," అన్నాడు ఐలేశం. "ఈసారి కండ్లార సూపెడ్త."

ఏప్రిల్‌లో సారు రాలేదు. అనుమతులు వేగంగా ఇచ్చినందుకు ఆయనకు ఢిల్లీలో అవార్డు, తర్వాత ఆ వేగం ఎట్లా సాధించారో వివరించే పది రోజుల సెమినారు. ఫోన్ చేస్తే గుమాస్తా రేపో మాపో అన్నాడు. కుంట ఎండింది. గొర్రెలు చెప్పులు, కాగితాలు, దొరికిందల్లా నమిలాయి. కంచె అవతల గడ్డి మోకాలెత్తు ఉంది. ఈనిన గొర్రెలకు పాలు లేక పిల్లలు పడిపోతుంటే ఐలేశం గోడ వైపు తిరిగి ఏడ్చాడు. చచ్చాక పారేసేకంటే బతికుండగా అమ్ముకోవడం మేలని గుర్వమ్మే హాలియా మటన్ దుకాణాలవాళ్లకు కబురు పెట్టింది. మే నెలంతా వాళ్ల వ్యాను వస్తూ పోతూ ఉంది. ముందు నడిచే పొట్టేలు అన్నిటికంటే వెనక ఎక్కింది.

అది పోయిన మూడో రోజున తనిఖీ బృందం దిగింది. గుట్ట చుట్టూ తిరిగి, మట్టి, గాలి, నీరు పరీక్షించి, గొర్రెల వల్ల పర్యావరణానికి రవ్వంత హాని కూడా కనిపించలేదని రాసింది. మరుసటి రోజే అనుమతి వచ్చింది.

ఆ కాగితాన్ని దుబ్బగుట్ట మీదే సభ పెట్టి, మంత్రిగారు స్వయంగా ఐలేశం చేతికిచ్చి, శాలువా కప్పారు. నూట నలభై గొర్రెలకు మేత, జీవితకాలం, ఉచితం. ఫోటోవాళ్లు పక్కన ఒక గొర్రె ఉంటే బాగుంటుందన్నారు.

"గొర్లేవమ్మా?" అని మంత్రిగారు గుర్వమ్మను అడిగారు.

గుర్వమ్మ మొగుడి వైపు చూసింది. అతను కాగితం వైపు చూస్తున్నాడు.

"హాలియాల ఉన్నయ్ సారూ."

శివకృష్ణగారికి ఈసారి మ్యాపు అవసరం పడలేదు. మంత్రిగారి చెవి దగ్గరికి వంగి, ఊరివాళ్ల ఆచారం తనకు బాగా తెలిసినట్టు చెప్పారు.

"వానలు పడగానే వచ్చేస్తాయి సార్."

మంత్రిగారు చప్పట్లు మొదలుపెట్టారు.