పత్రికా స్వేచ్ఛ కోసం మా వేడినీళ్ళ తొట్టి

చేపల్ని వదిలేయండి! ఇకమీదట మా ఐస్‌లాండ్ వల వేసి పట్టాల్సింది జర్నలిస్టుల్ని.

నవ్వకండి. నీళ్ళు కాస్త వేడెక్కితే చేప ఉత్తరానికి పారిపోతుంది. బ్యాంకు ఉన్నట్టుండి మునిగిపోతుంది. జర్నలిస్టు అలా కాదు. సొంత దేశంలో ఎంత తరిమితే మాకంత దగ్గరవుతాడు. మా పార్లమెంటు ఎంత తెలివైన చట్టం చేసిందనుకున్నారు! ప్రపంచంలో ఏ మంత్రి ఏం మింగినా మా గడ్డ మీద కూర్చుని అచ్చేసుకోవచ్చు. "నీకెవరు చెప్పారు?" అని ఏ కోర్టూ అడగకూడదు.

ఫలితం చూడండి. ఎనిమిది వందల అరవై మంది ఉండే మా రేవు ఊళ్ళో నలభై ఒక్కమంది విదేశీ జర్నలిస్టులు దిగారు. బేకరీ క్యూలో నా ముందు నిలబడ్డావిడ రెండు ప్రభుత్వాల్ని కూల్చిందట. అయినా ఆఖరి దాల్చినచెక్క రొట్టెను నాకు వదిలేసింది! పక్కింటివాళ్ళ కోళ్ళ షెడ్డులో ఎవరో నియంత రహస్యాలన్నీ సర్వర్లలో భద్రంగా ఉన్నాయి. ఆ వేడికి కోళ్ళు చలికాలంలోనూ గుడ్లు పెడుతున్నాయి. ఇంతకన్నా ఏం కావాలి?

ఇంత స్వేచ్ఛకు చోటు చాలలేదు. అందుకని మా కౌన్సిల్ తలుపులు మూసుకుని ఓటేసింది. ఒకటో తారీఖున ఊరి ఈతకొలను మూసేసి, ఆ భవనాన్ని పత్రికా స్వేచ్ఛా కేంద్రానికి ఇచ్చేస్తారు.

నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. కొలనెందుకు? పొద్దున్నే ఆరుగురం ముసలివాళ్ళం అక్కడి ఆరుబయట వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి కబుర్లాడుకోవడానికేగా? మా ఆవిడ ఆస్లాయిగ్ పోయి మూడేళ్ళయింది. కొన్ని రోజులైతే నన్నెవరైనా పేరు పెట్టి పిలిచేది ఆ తొట్టిలోనే. అంత చిన్న విషయానికి స్వేచ్ఛకు అడ్డం పడతామా?

అయినా ఊరికి తెలిస్తే బాగుంటుందనిపించింది. మా వారపత్రిక ఎడిటర్ స్టేయిన్‌వోర్ తొట్టిలో నా పక్కనే కూర్చుంటుంది.

"ఈ వార్త వెయ్యి, స్టేయిన్‌వోర్," అన్నాను.

"నీకేం, చెప్తావు! మేయర్ మా చెల్లెలి మొగుడు. కౌన్సిల్లో ఇంకో ఇద్దరు మా మేనమామ పిల్లలు. ఆదివారం గొర్రెకూర ఎవరింట్లో తినమంటావు, నీ ఇంట్లోనా? నీకు బంగాళాదుంప ఉడకబెట్టడం కూడా రాదు!"

ఎదురుగా నానుతున్న విదేశీ జర్నలిస్టును అడిగాను. ఆయన జాలిగా చూశాడు. "ముందు మీ మేయర్ని నియంత అవ్వమనండి. అప్పుడు చూద్దాం."

ఇక మిగిలింది ఒకటే దారి. ఎవరైనా పోగానే అయినవాళ్ళు మా పత్రికల్లో ఆ పోయినవాళ్ళకే ఉత్తరాలు రాస్తారు. వాటి మీద కలం పెట్టే ధైర్యం ఏ ఎడిటర్‌కీ లేదు. నేనూ రాశాను.

"ప్రియమైన ఆస్లాయిగ్, నువ్వు పెరట్లో నాటిన రూబార్బ్ మొక్క ఈ ఏడు మోకాలెత్తు వచ్చింది. ఒకటో తారీఖున కొలను మూసేస్తున్నారు. తలుపులు మూసుకుని ఓటేశారు. ముగ్గురు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఆ ముగ్గురెవరో నాకు తెలియదు. నీ ఎర్ర తువ్వాలు ఇంకా అక్కడి కొక్కేనికే ఉంది."

"పోయిన మూడేళ్ళకా?" అంది స్టేయిన్‌వోర్.

"బెంగకు గడువుందా?" అన్నాను.

ముక్కు చీదుకుని, అక్షరం మార్చకుండా వేసింది.

తర్వాతి వారం చూడాలి మా పత్రికను! 1974లో పోయిన పిన్నికి, బడి పైకప్పు కారుతోందని ఒకాయన రాశాడు. నాలుగు నెలలుగా ఊళ్ళో డాక్టర్ లేడని ఒకావిడ వాళ్ళ తాతగారికి మొరపెట్టుకుంది. వార్తలు ఒక పేజీ, పోయినవాళ్ళు పద్దెనిమిది పేజీలు. మా ఊరికి నిజమైన పత్రిక వచ్చింది!

శుక్రవారం మధ్యాహ్నం మేయర్ హ్రాప్న్‌కెల్ మా ఇంటికొచ్చాడు. కాఫీ పోశాను.

"ఓట్ల సంగతి నీకెవరు చెప్పారు?"

"అలా అడక్కూడదు. చట్టం ఉంది."

"ఆ చట్టం బయటినుంచి వచ్చినవాళ్ళకయ్యా! నువ్వు పుట్టింది ఇక్కడేగా?"

నిజమే, పొరపాటు నాదే. ఆ చట్టం అతిథుల కోసం అలమారాలో దాచిన పింగాణీ కప్పు. ఇంట్లోవాళ్ళు ముట్టుకుంటారా?

హ్రాప్న్‌కెల్ కాఫీ తాగలేదు. లేచి వెళ్ళనూ లేదు. కిటికీ మూసి ఉందో లేదో ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించాడు.

"మా అమ్మ పోయి పదకొండేళ్ళయింది," అన్నాడు. "ఆ ముగ్గురిలో నేను లేనని ఆవిడకు చెప్పుకోవాలనుంది. ఎంత పొడుగు రాయొచ్చంటావు?"