తీర్పు చదివితే వ్యాఖ్యానం చెడుతుంది

తీర్పును చదివి వ్యాఖ్యానించేవాడంత దేశద్రోహి మరొకడు లేడు! బల్లగుద్ది చెబుతున్నాను. పన్నెండేళ్లుగా వకీలును, మూడేళ్లుగా ఆన్‌లైన్ న్యాయవ్యాఖ్యాతను. నాకు తెలియదా?

మీరే ఆలోచించండి. మా రాజధాని బొగోటాలో పెద్దకోర్టు తీర్పు చెప్పిన సాయంత్రమే రెండు పేజీల పత్రికా ప్రకటన వదులుతుంది. అసలు తీర్పు రాసి, సంతకాలు చేసి బయటపెట్టడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అందాకా దేశమంతా నోరు మూసుకుని కూర్చోవాలా? అందుకే ప్రకటన వచ్చిన పది నిమిషాలకల్లా నేను లైవ్‌లో ఉంటాను. రెండో పేజీ దాకా పోను. అంత తీరికున్నవాళ్లు వేరే ఉన్నారు.

నా సహాధ్యాయి ఎవెలియో ఉన్నాడు. పాపం, చదువుతాడు! నూట నలభై పేజీలు, ఫుట్‌నోట్లతో సహా. అసలు తీర్పు బయటపడ్డ తొమ్మిది రోజులకు తీరిగ్గా వచ్చి, "రెండు వైపులా సబబైన వాదనే ఉంది" అన్నాడు. నాలుగు లైకులు వచ్చాయి. ఒకటి వాళ్లమ్మది. నేనో? "న్యాయం చచ్చింది!" అన్నాను, తొంభై వేల మంది చూశారు. నా ఛానెల్లో న్యాయం వారానికి రెండుసార్లు చస్తుంది. ఆదివారం సెలవు.

దీనివల్ల జనానికి ఎంత మేలో! మా చౌరస్తాలో లెచోనా, అంటే కాల్చిన పందిమాంసం, అమ్మే దోన్యా యోలిమా సంగతే చూడండి. వాళ్లమ్మకు వారానికి మూడుసార్లు డయాలిసిస్, అదీ గంటన్నర దూరంలోని ఇబగే పట్నంలో. బండి ఏర్పాటు చేయమంటే ఆరోగ్య బీమా సంస్థ కుదరదంది. యోలిమా టుటెలా అర్జీ, అంటే ప్రాథమిక హక్కు కాపాడమనే అర్జీ, పెట్టింది. దానికి వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు, జడ్జి పదిరోజుల్లో తేల్చాలి. సరిగ్గా ఆ వారమే పెద్దకోర్టు ప్రకటన వచ్చింది, వెనకే నా లైవూ వచ్చింది: "రోగులకు బండ్లు ఇక లేవు! అప్పీళ్లు దండగ!"

మా ఊరి జడ్జి అర్జీ కొట్టేశాడు. అప్పీలుకు మూడు రోజుల గడువుంది. యోలిమా వెళ్లలేదు. చూశారా, ఎంత శ్రమ తప్పించానో!

మొన్న అసలు తీర్పు వచ్చింది. ప్రింటు తీయించి, పసుపు రంగు గీతలు గీసి ఆమే నా ఆఫీసుకు తెచ్చింది. టై కట్టినవాణ్ణి మావాళ్లు డాక్టరనే పిలుస్తారు.

"డాక్టర్, అరవై రెండో పేజీ చూడండి. బండి ఇచ్చి తీరాలని రాసుంది కదా? మీరేమో లేదన్నారు."

"అదీ... సందర్భం వేరు, దోన్యా యోలిమా."

"ఏం సందర్భం? అచ్చం మా అమ్మలాంటి ముసలావిడ కేసే! అసలు మీరిది చదివారా?"

నేను అరవై మూడో పేజీ తిప్పాను.

"మీ మాట నమ్మి ఆ మూడు రోజులూ ఇంట్లో కూర్చున్నా. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి మొదలు. అమ్మ ఈ నెల్లో నాలుగుసార్లు డయాలిసిస్‌కి పోలేకపోయింది. కాళ్లు ఇంతింత లావున వాచిపోయాయి. ఇంక వీడియోలు చాలుగానీ, కొత్త అర్జీ మీరే రాయండి. నా ఎదురుగా కూర్చుని, అది చదివి రాయండి."

చదివాను. సిగ్గుతో చచ్చిపోతూ చదివాను. సాయంత్రానికి అర్జీ పూర్తయింది. కింద నా పేరు రాయబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ పేరొద్దు డాక్టర్. కొట్టేసిన ఆర్డర్లో ఇప్పటికే ఉంది."

ఆమె తెచ్చిన కాగితాల్లోంచి ఆ ఆర్డరు తీసి చూశాను. జడ్జిగారు పెద్దకోర్టు ప్రకటనలోంచి ఒక్క వాక్యమూ ఎత్తి రాయలేదు. నా లైవ్‌లోంచి రెండు వాక్యాలు రాసుకున్నారు.